ఫ్యాక్టరీ చట్టం ఎవరిని లెక్కపెట్టింది?
వలసపాలనలో కార్మికోద్యమ తొలిదశ

మన కథల్లో, నవలల్లో ఫ్యాక్టరీ కార్మికుడు కనిపించడం కొత్తేమీ కాదు. సైరను మోత, పొగగొట్టం, గేటు దగ్గర మీటింగు, ఎర్రజెండా మన పాఠకుడికి అలవాటైన దృశ్యాలే. కాని ఆ సైరను ఎన్ని గంటలకు మోగాలో, మళ్ళీ ఎన్ని గంటలకు మోగితే కూలీ ఇంటికి పోవచ్చో నిర్ణయించింది ఎవరు? ఆదివారం సెలవు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈ ప్రశ్నలకు మన రచనల్లో సమాధానం అరుదుగా దొరుకుతుంది. కార్మికుడి జీవితాన్ని గంటలుగా, సెలవులుగా, జీతం రోజులుగా కొలిచిన శక్తి చట్టం. ఆ చట్టం చరిత్ర తెలియకుండా కార్మికుడి గురించి రాసేవాడు అతని ఆకలిని చూపగలడేమోగాని, ఆ ఆకలి ఎలా ఏర్పాటయిందో చూపలేడు.

ఫ్యాక్టరీ చట్టాల పుట్టుక గురించి మన చదువుల్లో రెండు కథలు ప్రచారంలో వున్నాయి. దయగల దొరలు పసిపిల్లల కష్టం చూసి కరిగి చట్టం చేశారన్నది మొదటిది. భారతీయ పరిశ్రమను అణగదొక్కడానికి మాంచెస్టర్ మిల్లు యజమానులు పన్నిన కుట్రే ఆ చట్టమన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం వుంది. అయితే రెండింటిలోనూ ఒక మనిషి లేడు. అతడే కార్మికుడు. ఒకదానిలో అతడు దయకు పాత్రుడు, రెండోదానిలో ఇద్దరు యజమానుల తగాదాలో పావు. అతడు నోరు తెరిచి అడిగింది ఏమిటో రెండు కథలూ చెప్పవు. ఈ వ్యాసం ఉద్దేశం ఆ మూడో కథను ముందుకు తేవడం.

మాంచెస్టర్ జాలి

కవాస్జీ నానాభాయ్ దావర్ 1854లో బొంబాయిలో నూలు మిల్లు కంపెనీ స్థాపించాడు. 1856లో ఆ మిల్లు పని ప్రారంభించింది. తర్వాతి ఇరవయ్యేళ్ళలో బొంబాయిలో మిల్లులు వరసగా లేచాయి. కొంకణం నుంచి, దక్కను కరువు ప్రాంతాల నుంచి రైతుకూలీలు పొట్ట చేతపట్టుకుని అక్కడికి చేరారు. అప్పటికి మిల్లుల్లో గడియారం రాజ్యం చెయ్యడం లేదు, సూర్యుడే గడియారం. పొద్దు పొడిచింది మొదలు పొద్దుగుంకేదాకా పని. చలికాలంలో సుమారు 10, 11 గంటలు, వేసవిలో 13, 14 గంటలు. వారానికొక సెలవనే మాట లేదు. పండగలకు దొరికేదే విశ్రాంతి. ఏడెనిమిదేళ్ళ పిల్లలు కూడా యంత్రాల మధ్య తిరిగేవారు.

ఈ పరిస్థితి ఇంగ్లండులో చర్చకు వచ్చింది. అక్కడి కార్మికులు దశాబ్దాలపాటు పోరాడి సాధించుకున్న పనిగంటల పరిమితి అక్కడి యజమానుల చేతులు కట్టేసింది. ఇక్కడి యజమానులకు అలాంటి కట్టు ఏదీ లేదు. పైగా పత్తి ఇక్కడిదే, కూలి చౌక, విదేశీ బట్ట మీద 5 శాతం దిగుమతి సుంకం కూడా వుంది. 1874లో మాంచెస్టర్ వాణిజ్య మండలి ఆ సుంకాన్ని ఎత్తివెయ్యాలని ఆందోళన లేవదీసింది. 1875లో షాఫ్ట్స్‌బరీ ప్రభువు బ్రిటిష్ ప్రభువుల సభలో భారతీయ మిల్లు కూలీల ప్రస్తావన తెచ్చాడు. ఆయన తన దేశంలో బాలకార్మికుల కోసం ఏళ్ళ తరబడి పాటుపడ్డ మనిషి. ఆయన చిత్తశుద్ధిని శంకించనక్కరలేదు. కాని ఆయన మాటకు లాంకషైర్‌లో అంత గిరాకీ ఎందుకు ఏర్పడిందో అర్థం చేసుకోవాలంటే సుంకాల చరిత్ర చూడాలి. 1879లో ముతక బట్టల మీద సుంకం తీసేశారు. 1882లో మొత్తం నూలు బట్టల మీదే ఎత్తేశారు. ఖజానాకు డబ్బు చాలక 1894లో మళ్ళీ సుంకం వేసినప్పుడు ఇక్కడి మిల్లు సరుకు మీద కూడా ఎక్సైజు సుంకం వేశారు. 1896 నుంచి దిగుమతి బట్ట మీదా, దేశీ మిల్లు బట్ట మీదా 3.5 శాతం. కూలీ మీద జాలి, సరుకు మీద కన్ను రెండూ ఒకే ఓడలో ప్రయాణం చేశాయి.

కాబట్టి మన జాతీయ పత్రికలు మాంచెస్టర్ జాలిని అనుమానించడంలో తప్పు లేదు. వాటి తప్పు మరోచోట వుంది. పరిశ్రమ కూలిపోవడంకంటే కూలీల్లో మరణాలు పెరగడమే నయమనే అర్థం వచ్చే రాత 1875లో అమృతబజార్ పత్రికలో వెలువడింది. ఆనాటి దేశభక్తి దృష్టిలో దేశమంటే మిల్లు, మిల్లంటే యజమాని. మిల్లులో ఊపిరి తిత్తులు పోగొట్టుకుంటున్నవాడు ఆ దేశంలో భాగంగా కనిపించలేదు. అందరూ ఇలాగే ఆలోచించారనలేం. బొంబాయిలో సొరాబ్జీ షాపూర్జీ బెంగాలీ 1878లోనే స్వయంగా ఒక ఫ్యాక్టరీ బిల్లు ముసాయిదా తయారుచేశాడు. బెంగాల్‌లో శశిపద బెనర్జీ 1870లో కార్మికుల క్లబ్బు పెట్టి, 1874లో ‘భారత్ శ్రమజీవి’ అనే పత్రిక నడిపాడు. కాని వీళ్ళు వేళ్ళమీద లెక్కించదగినవాళ్ళు.

చట్టం ఇచ్చినదెంత?

బొంబాయి ప్రభుత్వం 1875లో ఒక ఫ్యాక్టరీ కమిషన్ వేసింది. అందులో మిల్లు యజమానులు వున్నారు, కార్మికుడు ఒక్కడూ లేడు. చట్టం అక్కరలేదని మెజారిటీ సభ్యులు తేల్చారు. అయినా లండన్ ఒత్తిడి ఆగలేదు. చివరకు రిప్పన్ వైస్రాయిగా వుండగా 1881లో తొలి ఫ్యాక్టరీ చట్టం వచ్చింది.

ఆ చట్టంలో ఏముందో కాస్త నిదానంగా చదవాలి. యంత్రశక్తితో నడుస్తూ 100 మందికి తక్కువ కాకుండా పనిచేసేదే ఫ్యాక్టరీ. ఏడాదికి 4 నెలల కంటే తక్కువ నడిచేది ఫ్యాక్టరీ కాదు. నీలిమందు ఫ్యాక్టరీలకూ, తేయాకు, కాఫీ తోటల్లోని కర్మాగారాలకూ చట్టం వర్తించదు. 7 ఏళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదు. 7 నుంచి 12 ఏళ్ళలోపు పిల్లలకు రోజుకు 9 గంటలు మించకూడదు, గంట విరామం ఇవ్వాలి, నెలకు 4 సెలవులివ్వాలి. ప్రమాదకరమైన యంత్రాలకు కంచె వెయ్యాలి.

ఇంతే. పెద్దవాళ్ళ పనిగంటల గురించి ఒక్క మాట లేదు. నెలకు 4 సెలవులు కూడా పిల్లలకే. ఆడవాళ్ళ ప్రసక్తే లేదు. ఏడేళ్ళ పిల్లవాడు తొమ్మిది గంటలు పనిచెయ్యడాన్ని న్యాయసమ్మతం చేసిన చట్టం ఇది. అయినా దీన్ని కొట్టిపారెయ్యనక్కరలేదు. యజమాని గేటు లోపల జరిగేది యజమాని సొంత వ్యవహారమనే సూత్రానికి మొదటిసారి గండి పడింది. కొద్దిమందే అయినా ఇన్‌స్పెక్టర్లు లోపలికి రావలసి వచ్చింది.

చట్టం అంచున ఏం జరిగిందో పత్తి జిన్నింగ్ ఫ్యాక్టరీలు చూపిస్తాయి. అవి పత్తి దిగిన తర్వాత కొద్ది నెలలే నడుస్తాయి. ఖాందేశ్ జిన్నింగుల్లో తెల్లవారుజామున నాలుగైదు గంటలకు మొదలైన పని రాత్రి ఎనిమిది, తొమ్మిది దాకా సాగేదని 1884–85లో కూర్చున్న కమిషన్ ముందు సాక్ష్యాలు వచ్చాయి. అక్కడ పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. కాని వాళ్ళది ‘ఫ్యాక్టరీ’ కాదు గనుక చట్టం దృష్టిలో వాళ్ళ అలసట కూడా లేదు.

ఎవరి స్వేచ్ఛ?

పెద్దవాళ్ళ పనిగంటలకు హద్దు పెట్టకపోవడానికి పాలకులు చెప్పిన కారణం ఒకటే. వయసొచ్చిన మగవాడు స్వతంత్రుడు. యజమానితో తనకిష్టమైన ఒడంబడిక చేసుకుంటాడు. రాజ్యం మధ్యలో దూరకూడదు. వినడానికి ఇది గొప్ప సిద్ధాంతంలా వుంటుంది.

కాని ఇదే రాజ్యం 1859లో మరొక చట్టం చేసింది. పనివాడు బయానా తీసుకుని ఒప్పుకున్న పని చెయ్యకపోతే మూడు నెలల దాకా కఠిన శిక్ష వెయ్యవచ్చునని ఆ చట్టం చెప్పింది. మామూలుగా ఒడంబడిక తప్పడం సివిల్ తగాదా. కూలీ తప్పితే మాత్రం అది నేరం. యజమాని తప్పితే జైలు లేదు. మొదట పట్టణాల్లోని పనివాళ్ళ మీద ప్రయోగించడానికి చేసిన ఈ చట్టం అస్సాం తేయాకు తోటల్లో, దక్షిణాన కాఫీ తోటల్లో కూలీల మెడకు ఉరితాడయింది. అస్సాంలో తోటల యజమానులకు అంతకంటే మించిన హక్కు కూడా దక్కింది. పారిపోయిన కూలీని వారంటు లేకుండా పట్టుకునే అధికారాన్ని 1865 చట్టం వాళ్ళకిచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి అస్సాం తోటలకు తరలిపోయిన తెలుగు కుటుంబాలు కూడా ఈ వలలోనే పడ్డాయి. 1859 చట్టం రద్దయి పూర్తిగా పోయేటప్పటికి 1926 వచ్చింది.

రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చదివితే వలసపాలన స్వభావం తేటపడుతుంది. మిల్లులో ఎక్కువ గంటలు పనిచెయ్యడానికి కూలీ స్వతంత్రుడు. తోటలో పని మానుకోవడానికి మాత్రం స్వతంత్రుడు కాడు. రాజ్యం మధ్యలో దూరలేదనడం అబద్ధం. ఎక్కడ దూరాలో, ఎవరి పక్షాన దూరాలో దానికి బాగా తెలుసు.

కూలీ ఏమడిగాడు?

ఇక మూడో కథలోకి వద్దాం. కార్మికులు ఎవరో వచ్చి మేల్కొలిపేదాకా నిద్రపోలేదు. 1862లో హౌరా రైల్వే స్టేషన్‌లో సుమారు 1,200 మంది కార్మికులు రోజుకు 8 గంటల పని కోరుతూ పని మానేశారు. చికాగో మేడే పోరాటానికి అది 24 ఏళ్ళ ముందటి మాట. 1877లో నాగపూర్ ఎంప్రెస్ మిల్లులో కూలిరేట్ల మీద సమ్మె జరిగింది. 1882–90 మధ్య బొంబాయి, మద్రాసు రాజధానుల్లో 25 సమ్మెలు నమోదయ్యాయి. వీటి వెనుక యూనియన్లు లేవు, నిధులు లేవు. ఒక మిల్లులో కూలి తగ్గించినప్పుడో, జాబర్ దౌర్జన్యం చేసినప్పుడో ఒక ఖాతాలోని మనుషులు లేచి బయటికి వచ్చేసేవారు. కొన్నిసార్లు గెలిచేవారు. చాలాసార్లు వాళ్ళ స్థానంలో గేటు ముందు కాచుక్కూర్చున్న మరొకరు లోపలికి పోయేవారు.

విడివిడిగా వున్న ఈ అసంతృప్తికి మొదటిసారి ఒక కోర్కెల పత్రం రూపం ఇచ్చినవాడు నారాయణ్ మేఘాజీ లోఖండే (1848–1897). జోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజంలో పెరిగిన మనిషి. శూద్రకులంలో పుట్టి, మిల్లులో స్టోర్స్ ఉద్యోగం చేసి, ఆ ఉద్యోగం వదిలి 1880 నుంచి ‘దీనబంధు’ పత్రికను నడిపాడు. మన దేశంలో కార్మికుల తరఫున తొలి కోర్కెల పత్రం ఒక పత్రికా రచయిత చేతిమీదుగా వచ్చిందన్న సంగతి రచయితలమైన మనం గుర్తుపెట్టుకోవాలి. అంతేకాదు, కులవివక్ష మీద తిరుగుబాటులోంచే ఆ చూపు వచ్చింది. మిల్లు కూలీల్లో అత్యధికులు శూద్ర, అతిశూద్ర కులాలవాళ్ళు. పైకులాల దేశభక్తులకు కనిపించనివాళ్ళు ఫూలే శిష్యుడికి కనిపించడం యాదృచ్ఛికం కాదు.

1884 సెప్టెంబర్‌లో బొంబాయి మిల్లు కూలీలు రెండు సభలు జరిపారు. 5,500 మంది సంతకాలతో కమిషన్‌కు మహజరు సమర్పించారు. అందులో అడిగినవి ఐదు. ఆదివారం పూర్తి సెలవు. మధ్యాహ్నం అరగంట విరామం. ఉదయం ఆరున్నరకు పని మొదలై పొద్దుగుంకగానే ఆగిపోవడం. ఒక నెల జీతం మరుసటి నెల 15వ తేదీలోగా ఇవ్వడం. పనిలో దెబ్బ తగిలినవాడికి నయమయ్యేదాకా పూర్తి జీతం, శాశ్వతంగా పనికిరాకుండాపోతే అతని బతుకుతెరువుకు ఏర్పాటు.

ఈ ఐదు కోర్కెలను జాగ్రత్తగా చదివితే ఒక నవలకు సరిపడే జీవితం వుంది. జీతం 15వ తేదీలోగా ఇమ్మని అడగడానికి అర్థమేమిటి? చేసిన పనికి డబ్బు అంతకంటే ఆలస్యంగా వస్తోందన్నమాట. ఈలోగా కూలీ షావుకారు దగ్గర అరువు తెచ్చుకుని తినాలి. అరువు మీద వడ్డీ కట్టాలి. మిల్లు యజమాని కూలీ డబ్బును వడ్డీ లేకుండా వాడుకుంటుంటే, కూలీ తన తిండికే వడ్డీ కడుతున్నాడు. పొద్దుగుంకగానే ఆపాలనడం చూడండి. ఎనిమిది గంటలు కావాలని వాళ్ళు అడగలేదు. సూర్యుణ్ణి దాటి పనిచేయించవద్దన్నారు, అంతే. ఇంత తక్కువ అడిగినవాళ్ళకు అది కూడా దక్కలేదంటే వాళ్ళు ఏ స్థితిలో వున్నారో వేరే చెప్పనక్కరలేదు. ఆ ఐదు కోర్కెల్లో జాలిని అభ్యర్థించే మాట ఒక్కటీ లేదు.

1890 ఏప్రిల్ 24న బొంబాయిలో సుమారు 10,000 మంది కూలీలు సభ చేశారు. ఆ సభలో ఇద్దరు స్త్రీలు మాట్లాడారు. జూన్ 10న మిల్లు యజమానుల సంఘం వారానికొక సెలవు ఇవ్వడానికి ఒప్పుకుంది. అదే ఏడాది వేసిన ఫ్యాక్టరీ కమిషన్‌లో లోఖండే స్థానిక సభ్యుడయ్యాడు. 1891లో సవరించిన చట్టం వారపు సెలవును, మధ్యాహ్నపు అరగంట విరామాన్ని అందరికీ వర్తింపజేసింది. స్త్రీలకు 11 గంటలు హద్దు, పిల్లల కనీస వయసు 9 ఏళ్ళు, 14 ఏళ్ళలోపు వారికి 7 గంటలు. ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి 100 మంది బదులు 50 మంది చాలు.

లోఖండే స్థాపించిన బొంబాయి మిల్లు కూలీల సంఘానికి సభ్యత్వ జాబితా లేదు, చందాలు లేవు, నిబంధనావళి లేదు. అందుచేత అది కార్మికసంఘమే కాదని కొందరు చరిత్రకారులన్నారు. నేటి అర్థంలో అది నిజమే. సమ్మెను అది ఆయుధంగా స్వీకరించలేదు. అర్జీలకే పరిమితమయింది. ప్రభుత్వం మీద ఆశ పెట్టుకుంది. ఈ పరిమితుల్ని దాచనక్కరలేదు. కాని 1884 మహజరులోని రెండు కోర్కెలు ఏడేళ్ళకు చట్టంలో అక్షరాలయ్యాయి. ఆదివారం సెలవు మాంచెస్టర్ నుంచి ఓడలో దిగుమతి కాలేదు. సంతకం పెట్టడం రాక వేలిముద్ర వేసే మనుషులు అడిగితే వచ్చింది.

కరెంటు దీపం, కోర్టు తీర్పు

సూర్యుడు కూలీకి ఒకే ఒక ఉపకారం చేసేవాడు. రోజూ అస్తమించేవాడు. కరెంటు దీపాలు వచ్చాక ఆ ఉపకారం కూడా పోయింది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో నూలుకూ బట్టకూ గిరాకీ పెరిగింది. బొంబాయి మిల్లుల్లో పనిదినం 14, 15 గంటలకు సాగింది. యంత్రం మనిషి శ్రమ తగ్గిస్తుందని చెప్పే పాఠాలకు ఇది మంచి జవాబు. దీపం ఎవరి చేతిలో వుందన్నదాన్నిబట్టి వెలుగు ఎవరికన్నది తేలుతుంది. 1905లో కూలీలు దీపాల వెలుగులో పనిచెయ్యడాన్ని ప్రతిఘటించారు. ప్రభుత్వం మళ్ళీ కమిషన్లు వేసింది. పెద్దవాళ్ళ గంటలకు నేరుగా హద్దు పెట్టవద్దని 1907–08 కమిషన్‌లో మెజారిటీ అన్నది. మద్రాసుకు చెందిన డాక్టర్ టి.ఎం. నాయర్ మాత్రం విడిగా అసమ్మతి రాసి, హద్దు పెట్టి తీరాలన్నాడు. 1911 చట్టం బట్టల మిల్లుల్లో పురుషులకు 12 గంటల హద్దు పెట్టింది. ‘స్వతంత్రుడైన మగవాడి’ సిద్ధాంతం అలా కూలడానికి తొలి చట్టం నుంచి 30 ఏళ్ళు పట్టింది.

ఈ మధ్యలో మరొకటి జరిగింది. 1908 జూలైలో తిలక్‌కు 6 ఏళ్ళ శిక్ష పడింది. బొంబాయి మిల్లు కూలీలు ఏడాదికొక రోజు చొప్పున 6 రోజులు సమ్మె చేశారు. సైన్యం కాల్పులు జరిపింది. లెనిన్ ఆ సమ్మెను భారత కార్మికవర్గం రాజకీయ రంగంలోకి అడుగుపెట్టిన ఘట్టంగా గుర్తించాడు. మూడు దశాబ్దాల ముందు ఏ పత్రికల దేశభక్తిలో తమకు చోటు దొరకలేదో, ఆ దేశం కోసం కూలీలు జీతం వదులుకున్నారు, ప్రాణాలు వదులుకున్నారు.

తొలి ప్రపంచయుద్ధం ధరల్ని పెంచింది, కూలి ఆ వెంట పరుగెత్తలేకపోయింది. 1918 ఏప్రిల్ 27న మద్రాసులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికులతో మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడింది. సభ్యత్వం, చందా కలిగిన తొలి ఆధునిక కార్మికసంఘాల్లో ఇది ఒకటి. బి.పి. వాడియా అధ్యక్షుడు, తిరు వి.క. వంటివారు తోడున్నారు. 1920లో వివాదం ముదిరినప్పుడు యాజమాన్యం మద్రాసు హైకోర్టుకెక్కి, ఒడంబడిక భంగానికి కార్మికుల్ని పురికొల్పారని యూనియన్ నాయకుల మీద నష్టపరిహారం దావా వేసింది. కోర్టు వాళ్ళ కార్యకలాపాల మీద నిషేధపు ఉత్తర్వు ఇచ్చింది. అంటే యూనియన్ పెట్టడం ఏ చట్టంలోనూ నేరం కాదు, కాని యూనియన్ పని చెయ్యడం నేరమంత పనయింది. అదే ఏడాది అక్టోబర్ 31న లాలా లజపతిరాయ్ అధ్యక్షతన ఎఐటియుసి బొంబాయిలో పుట్టింది. 1921లో ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో కార్మికసంఘాల రక్షణకు చట్టం కావాలని తీర్మానం తెచ్చాడు. ఆ చట్టం 1926లో వచ్చింది.

అదే మద్రాసు మిల్లుల్లో 1921 నాటి సుదీర్ఘ సమ్మె మనకు మరో పాఠం చెబుతుంది. ఆది ద్రావిడ కార్మికుల్లో చాలామంది పనిలోకి తిరిగి వెళ్ళారు. సమ్మె చేస్తున్నవాళ్ళకూ వాళ్ళకూ మధ్య ఘర్షణలు రేగి పులియాంతోపులో గుడిసెలు తగలబడ్డాయి. దీన్ని కేవలం యాజమాన్యం ఎత్తుగడగా చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. యాజమాన్యం చీల్చగలిగిందంటే చీలిక అంతకుముందే పేటలో, నీళ్ళ బావి దగ్గర, యూనియన్ సభలో కూడా వుంది. ఒకే కప్పు కింద ఒకే యంత్రం నడిపినంత మాత్రాన వర్గం తయారుకాదు. దాన్ని పోరాటంలో తయారుచేసుకోవాలి. కులాన్ని దాటవేసి కార్మిక ఐక్యత గురించి రాసిన కథ ఎందుకు తేలిపోతుందో పులియాంతోపు చెబుతుంది.

లెక్కకు రానివాళ్ళు

1922 చట్టం యంత్రశక్తితో నడిచే 20 మంది పని స్థలాన్ని ఫ్యాక్టరీ అన్నది. వారానికి 60 గంటలు, రోజుకు 11 గంటలు హద్దు పెట్టింది. 1934లో ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీలకు వారానికి 54 గంటలు, 1946లో 48 గంటలు. 1948 చట్టం యంత్రశక్తి వుంటే 10 మందిని, లేకపోతే 20 మందిని హద్దు చేసింది. 100, 50, 20, 10. ఈ అంకెలు దిగుతూ రావడమే ఒక చరిత్ర. ఒక్కొక్క మెట్టు దిగినప్పుడల్లా ఇన్నాళ్ళూ లెక్కలో లేని కొన్ని వేలమంది కార్మికులనిపించుకున్నారు. యుద్ధానంతర సమ్మెలు, 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏర్పాటు, రష్యా విప్లవం పుట్టించిన భయం ఈ దిగుదల వెనుక పనిచేశాయి.

అయినా ప్రతి మెట్టు కిందా ఎవరో మిగిలిపోయారు. 1931లో నివేదిక ఇచ్చిన రాయల్ కమిషన్ బీడీల వంటి చిన్న పని స్థలాల గురించి రాస్తూ, ఐదేళ్ళ పిల్లలు రోజుకు 10, 12 గంటలు, వారపు సెలవైనా లేకుండా, రెండణాల కూలికి పనిచెయ్యడం గమనించింది. 1881 చట్టం ఏడేళ్ళలోపు పిల్లల్ని నిషేధించి అప్పటికి అర్ధశతాబ్దం గడిచింది. చట్టం మారలేదని కాదు, ఆ పిల్లలు చట్టం లెక్కలో లేరు. మన కోరంగి రేవు నుంచి ఓడెక్కి రంగూన్ పోయి మూటలు మోసిన తెలుగు కూలీలదీ అదే గతి. ఆ రేవు పేరే వాళ్ళ పేరయింది, కాని రేవుకూలీ పనిచేసే చోటు ఫ్యాక్టరీ కాదు. 1930 మేలో వాళ్ళు కూలి పెంపు కోసం సమ్మె చేస్తే ఓడల కంపెనీలు బర్మీయుల్ని పనిలో పెట్టాయి. సమ్మె ముగిశాక బర్మీయుల్ని వెళ్ళగొట్టాయి. ఆ మోసం నుంచి రేగిన ఘర్షణల్లో తెలుగు కూలీలు చనిపోయారు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన తెలుగువాళ్ళు వి.వి. గిరి వంటి నాయకులతో 1927లో సమ్మె నడిపి పేరు తెచ్చుకున్నారు. రంగూన్ కూలీలకు చరిత్రలో ఒక పేరాయే దక్కింది. సాహిత్యంలో అదైనా దక్కిందా?

రచయితకు ఏమిటి?

ఈ చరిత్ర పాతబడిపోలేదు. పార్లమెంటు 2020లో ఆమోదించి, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చిన కొత్త కార్మిక కోడ్ 1948 చట్టం స్థానంలోకి వచ్చింది. అందులో ఫ్యాక్టరీ నిర్వచనం యంత్రశక్తి వుంటే 20 మందికి, లేకపోతే 40 మందికి పెరిగింది. 1881 నుంచి దిగుతూ వచ్చిన అంకె మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది. 2025లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో రోజుకు 9 గంటల హద్దును 10కి పెంచే నిర్ణయం తీసుకుంది. తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో 10 గంటల పనిదినానికి అనుమతిచ్చింది. వారానికి 48 గంటల హద్దు అలాగే వుందని రెండు ప్రభుత్వాలూ చెబుతున్నాయి. కార్మికుడు తన ఇష్టప్రకారమే పనిచేస్తాడన్న మాట కూడా మళ్ళీ వినిపిస్తోంది. 1881 నాటి ‘స్వతంత్రుడైన మగవాడు’ ఎవరో ఎరిగినవాళ్ళకు ఈ గొంతు కొత్తగా తోచదు.

కాబట్టి కార్మికుడి గురించి రాయాలనుకునే రచయిత ముందు మూడు పనులున్నాయి. మొదటిది, చట్టాన్ని సాహిత్యేతర విషయమని పక్కన పెట్టకుండా చదవడం. ఒక నిర్వచనంలోని అంకె వేలమంది ఇళ్ళల్లో పొయ్యి ఎన్ని గంటలకు వెలగాలో నిర్ణయిస్తుంది. రెండోది, కార్మికుడు అడిగిన మాటను వెతికి పట్టుకోవడం. మహజర్లు, సాక్ష్యాలు, సమ్మె కరపత్రాలు మన గ్రంథాలయాల్లో దుమ్ము పట్టి వున్నాయి. దయామయుడైన దొరకూ, దేశభక్తుడైన యజమానికీ రాసేవాళ్ళు ఎప్పుడూ దొరుకుతారు. 1890 సభలో మాట్లాడిన ఆ ఇద్దరు స్త్రీలు ఏమన్నారో ఊహించి రాయగల రచయిత ఇంకా రావలసే వుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. చట్టం ఎవరిని కార్మికుడంటే వాళ్ళనే కార్మికులుగా మనమూ తీసుకోవడం మానుకోవాలి. గేటు, సైరను, జెండా వున్నచోటే కార్మికవర్గం వుందనుకుంటే 1881 చట్టం గీసిన గీతనే మనం మన కథలో మళ్ళీ గీస్తున్నట్టు. ఇంటి అరుగు మీద బీడీలు చుట్టే తెలంగాణ ఆడకూతురు కోసం 1966లో ప్రత్యేకంగా చట్టం చెయ్యవలసి వచ్చింది. ఫ్యాక్టరీ చట్టం ఆమెను చూడలేకపోయింది మరి. ఈనాడు ఫోను చూసుకుంటూ తిండి పొట్లాలు మోసుకుపోయే కుర్రవాణ్ణి ‘భాగస్వామి’ అంటున్నారు, కార్మికుడు అనడం లేదు. చట్టం గీత దిగి రావడానికి ప్రతిసారీ దాని వెలుపల వున్నవాళ్ళే కారణమయ్యారు. వాళ్ళు ముందు తమను తాము లెక్కపెట్టుకున్నారు, తర్వాత చట్టం లెక్కపెట్టింది. సాహిత్యం చట్టం కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కరలేదు. అది ముందే ఆ గీత దాటి, అవతల వున్నవాళ్ళను పేరుపెట్టి పిలవగలదు. అభ్యుదయ సాహిత్యం ఆ పని చెయ్యకపోతే ఇంకెవరు చేస్తారు?